ఏడు నిమిషాల చక్రాల కుర్చీ

వీఆర్ హెడ్‌సెట్ తగిలించబోతుంటే ఆఫీసరు రమేష్ బాబు గారు మొదట అడిగింది, క్రాఫు చెదురుతుందా అని.

"చెదరదు సార్," అంది వినీల. దివ్యాంగుల కష్టం అధికారులకు చూపించడానికి కాకినాడ నుంచి వచ్చిన స్వచ్ఛంద సంస్థ అమ్మాయి. పరికరాల పెట్టె మోసుకుంటూ మేడ మెట్లెక్కి వచ్చి ఇంకా ఆయాసపడుతోంది.

"నాకివన్నీ అక్కర్లేదమ్మా. నాది మొదట్నుంచీ జాలిగుండె. రోజూ వందమంది గోడు వింటాను. ముఖాలు గుర్తుండవు గానీ, బాధ గుర్తుంటుంది."

ఫోటో తీసేవాడు సిద్ధంగా ఉన్నాడని చూసుకున్నాకే తగిలించుకున్నారు.

"ఇది నిజంగా జరిగిందండి. ముఖాలు, బోర్డులు మసక చేశాం. గొంతులు మార్చాం," అని వినీల బటన్ నొక్కింది.

ఇప్పుడాయన ఉప్పాడ సత్యవాణి. చక్రాల కుర్చీలో ఉన్నారు. ఒళ్ళో మూడు చక్రాల స్కూటరుకి దరఖాస్తు. స్కూటరొస్తే చీరల షాపులో ఉద్యోగం, రాకపోతే లేదు. కావలసింది ఒక్క సంతకం. ఎదురుగా మెట్లు. నెత్తిన ఎండ.

పైనుంచి ఓ గొంతు వినిపించింది. "మనిషి స్వయంగా వచ్చి కనపడాలి. ఆవిడ కాళ్ళ కోసం ఆఫీసుని కిందికి దించమంటారా?"

నలుగురు పకపకా నవ్వారు.

ఏడు నిమిషాలయ్యాక హెడ్‌సెట్ తీస్తే రమేష్ బాబు గారి బుగ్గలు తడిగా ఉన్నాయి. తొందరపడి తుడుచుకోలేదు. ఫోటో పడ్డాకే తుడుచుకున్నారు. అది చూసి గదిలో నలుగురూ కళ్ళు తుడుచుకున్నారు.

"చూడ్డానికే రోతగా ఉంది. ఎవడమ్మా వాడు? మనిషేనా?"

"పెద్దాఫీసరండి. ఆ దరఖాస్తుకి ఇవాళే ఆఖరు తేదీ."

"ఎంత పెద్దవాడైతే నాకేంటి! గంగాధర్, కలెక్టర్ గారికి లెటర్ కొట్టు. ఆ అధికారి చేత ఈ రోజే సంతకం పెట్టించి, వెంటనే సస్పెండ్ చెయ్యాలని రాయి. పేరు దగ్గర ఖాళీ వదులు, అమ్మాయి నింపుతుంది."

క్లర్కు గంగాధర్ తలెత్తకుండా టైపు చేశాడు. రమేష్ బాబు గారు కెమెరా వైపు తిరిగి సంతకం చేసి, కింద తన పేరున్న రబ్బరు స్టాంపు గట్టిగా గుద్దారు.

"ఇప్పుడు రాయమ్మా వాడి పేరు. భయపడకు, నేనున్నాను."

వినీల పెన్ను తీసుకుని, ఆ స్టాంపులో ఉన్న పేరునే అక్షరం పొల్లుపోకుండా ఖాళీలో ఎక్కించింది.