గేటుకు కట్టిన పీలిక

స్విమ్మింగ్ పూల్ గేటుకు మళ్లీ గుడ్డపీలిక కట్టి ఉంది.

చంకలో మూడేళ్ల ఆద్య, భుజాన సంచి. ఒంటిచేత్తో ఆ ముడి విప్పేసరికి వసుమతి గోరు విరిగింది.

"రోజూ ఎవరో కడుతున్నారు. పిల్లలు తిరిగే చోట ఏ పిచ్చోడో ఏమో!" అంది భర్తతో.

"అపార్ట్‌మెంట్ ఆఫీస్‌కి మెయిల్ కొట్టు. కెమెరాలున్నాయిగా," అన్నాడు చక్రధర్.

కొట్టింది.

మర్నాడే గేటు మీద నోటీసు వెలిసింది. అపార్ట్‌మెంట్ ఆస్తి జోలికొస్తే మిస్‌డిమీనర్, అంటే క్రిమినల్ కేసు. ఏడాది దాకా జైలు, వెయ్యి డాలర్ల దాకా ఫైన్.

అయినా పీలిక ఆగలేదు.

శనివారం పొద్దున్నే పోలీసు కారు వచ్చింది. గేటు దగ్గర ఏదో కంపెనీ టీషర్టు వేసుకున్న ఓ పెద్దాయన. చేతిలో పీలిక.

"గొళ్లెం పడట్లేదు బాబూ. పసిపిల్లలుంటారు కదా..."

పోలీసుకు ముక్క అర్థం కాలేదు. ఈయన భాష ఎవరికైనా వచ్చా అని ఇంగ్లీషులో అడిగాడు.

వసుమతి నోరు తెరవబోయింది. చక్రధర్ మోచెయ్యి పట్టుకున్నాడు.

"నీకెందుకే? గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. పోలీసుల దగ్గర మన పేరెందుకు? పద."

ఆమె ఆద్యనెత్తుకుని వెనుదిరిగింది.

"తెలుగువాళ్లేనా అమ్మా?" అన్న పెద్దాయన మాట వీపుకు తగిలింది.

వినబడనట్టే నడిచింది.

నెలన్నర గడిచింది. గేటుకు పీలిక లేదు, ముడి లేదు. తోస్తే చాలు.

ఆ ఆదివారం వసుమతి పోపు వేస్తోంది. ఆద్య చప్పుడు లేదు. వీధి తలుపు ఓరగా తెరిచి ఉంది.

స్టవ్ మీద పోపు మాడిపోతున్నా పరుగెత్తింది.

పూల్ గేటు గాలికి ఊగుతోంది. లోపల నీళ్లలో ఒక చిన్న చెప్పు తేలుతోంది. అంచున కూర్చున్న ఆద్య దానికోసం వంగుతోంది.

జబ్బ పట్టి లాగి గుండెకు అదుముకుంది. బయటికి తీసుకొచ్చింది.

అప్పుడు గేటు మూసి చూసింది. గొళ్లెం పడలేదు. మళ్లీ మూసింది. పడలేదు.

సాయంత్రం పెద్దాయన ఫ్లాట్ వెతుక్కుంటూ వెళ్లింది. కూతురు శ్రీవల్లి తలుపు తీసింది.

"నాన్నగారున్నారా అండీ?"

"మొన్నే ఫ్లైట్ ఎక్కించేశాం. కోర్టులో తప్పు ఒప్పేసుకున్నారు. ఇక మళ్లీ వీసా వస్తుందో రాదో."

"కారణం చెప్పలేదా?"

"చెప్పాం. నోటీసు పెట్టాక కూడా కట్టారుగా అన్నారు. ఆ రోజు ఆయన మాట అర్థమైన మనిషి ఒక్కరుండి పోలీసుకు చెప్పుంటే కేసు దాకా వచ్చేది కాదని లాయరన్నాడు."

వసుమతి చూపు నేల మీదికి వాలింది.

"జైలని రాసినా ఎందుకు కట్టారండీ?"



"ఎయిర్‌పోర్ట్‌లో చెప్పారు, మొదటిసారి. నాకంటే ముందు ఓ అక్క ఉండేదట. మూడేళ్లు. మా ఇంటి ముందే కాలువ. ఆ రోజు గేటుకు గొళ్లెం వెయ్యడం మరిచిపోయింది నాన్నేనట."