బానెట్ మీద వేలిముద్ర

"ఛ! ఎంత రుద్దినా పోదే!" గరుకు కాగితం బల్లమీద విసిరికొట్టాడతను.

మామగారు చేసిన అరచేతిలో పట్టేంత కారు బొమ్మ అది. కొత్త రంగు వేద్దామని పాతది గీకుతుంటే, బానెట్ మీద వేలిముద్ర ఒకటి మొండికేసింది.

"పెళ్లిలో నా చొక్కా బొత్తానికే వంక పెట్టాడు మీ నాన్న! ఇంత మచ్చ ఎలా వదిలేశాడు?"

గుమ్మంలోంచే తొంగిచూసింది భార్య.

"నాదే. చిన్నప్పుడు రంగు ఆరకముందే వేలు పెట్టేశా. తంతాడని మంచం కింద దూరాను."

"తన్నాడా?"

"ఊహూఁ. 'ఇంక దీనికి నంబరు ప్లేటెందుకు, ఎవరి బండో తెలుస్తోందిగా' అన్నాడు."

అతను కారును వెలుతురుకు తిప్పాడు. సగం ముద్ర అరిగిపోయింది.

"ముందే చెప్పొచ్చుగా!"

"పొద్దున్నుంచీ దగ్గరికి రానిచ్చారా? వేలిముద్రలు పడతాయన్నారు."