మిషనుకు చదువు చెప్పిన అవ్వ

“మిషను చెప్పేది సరిపోలేదవ్వా, ఈ పొద్దూ సరిపోలేదు,” అని రాజేంద్రన్ తల పట్టుకున్నాడు.

ధర్మపురి పట్టుగూళ్ల మండీ వెనకగదిలో, యూనివర్సిటీ ల్యాబు వాళ్లు మద్రాసు నుంచి కంప్యూటరు తెచ్చిపెట్టి రెండు నెలలయింది. పైన కెమెరా, కింద పట్టుగూడు. ఏది మంచిది, ఏది మచ్చది, ఏది రెండు పురుగులు కలిసి కట్టిందీ అని మునివెంకటమ్మ చూసి చెప్పాల. ల్యాబు పిల్లోడు రాజేంద్రన్ దాన్ని మిషనుకు నేర్పాల. ముప్పై ఏండ్లు గూళ్లు ఏరిన చెయ్యి ఆమెది. మండీలో ఆమె మాటకు ఎదురులేదు.

అట్లాంటామె మంచిగూడును పట్టుకుని మచ్చగూడంటా ఉంది. కావాలనే.

ఏం చేస్తుంది పాపం! చెల్లెలు అక్కమ్మ పోయినాక తెలుగులో “తిన్నావా” అని అడిగే దిక్కు లేదు. మండీలో అంతా అరవమే. మొదటి దినం ఈ పిల్లోడు “రావ్వా, కూర్చో” అన్నప్పుడే ఆమెకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. వాళ్లింట్లోనూ తెలుగేనంట. మధ్యాన్నం సాంబారన్నం పొట్లం కూడా ఆమె ముందరే విప్పుతాడు, లాడ్జిలో ఒక్కడే కూర్చుంటే ముద్ద దిగదంట. మిషను నేర్చుకునేస్తే మూట కట్టేస్తాడు. నేర్చుకోకుంటే రేపూ వస్తాడు. ఆమె లెక్క అంతే.

రాజేంద్రన్ జేబులోంచి ఉత్తరం తీసి చదివి వినిపించినాడు. ల్యాబులో పెద్దాయన రాసింది. శుక్రవారంలోపల మిషను సరిగ్గా చెప్పకుంటే గది ఖాళీ చేసి రమ్మన్నాడు. రాజేంద్రన్ పరిశోధన కూడా అంతటితో సరి అన్నాడు. మూడేండ్ల కష్టమంట.

నా ఒంటితనానికి పిల్లోడి బతుకు బుగ్గి చేస్తానా అని మునివెంకటమ్మ తన్ను తానే తిట్టుకునింది. చేతిలోని గూడు కింద పెట్టేసింది.

“అబ్బయ్యా, తప్పు మిషనుది కాదు, నాది. మొదటి వారం నిజమే చెప్పినాను. ఆ తర్వాత నువ్వు వెళ్లిపోతావని అబద్ధాలు చెప్తా వచ్చినాను. ఇప్పుడు రాసుకో, అన్నీ సరిగ్గా చెప్తాను.”

రాజేంద్రన్ ఉత్తరం మడిచినాడు. ఆమె మొగం చూడలేక గూళ్ల తట్టకేసి చూసినాడు.

“నాకు తెలుసవ్వా. మిషను ఆ మొదటి వారంలోనే నేర్చేసుకునింది, నీ అబద్ధాలన్నీ పట్టిచ్చింది. ఇంకా నేర్చుకోలేదని మద్రాసుకు రాస్తా వచ్చింది నేనే.”