మందు కొట్టిన చేను

ఫోను పెట్టేసి వసారాలోకి పరుగెత్తాను.

"మాధురక్కా! డాక్టరమ్మ తను రాసిన బిళ్లలు వేసుకుంటూనే పాపకి పాలివ్వమంది. ఆపినందుకే పాలు గడ్డకట్టి జ్వరం పెరిగిందట!"

మూలుగుతున్న మా తోడికోడలు లేచి కూర్చుంది.

ఎండుమిరప రాశిలో తాలుకాయలు ఏరుతున్న అత్తయ్య తలెత్తింది. "మందు కొట్టిన చేలో వారందాకా కాయ కొయ్యం. మందు మింగి పాలెట్టా ఇస్తారే?"

"మూడు రోజులు అక్కను ఏడిపించారుగా! రేపు ఆ మాట డాక్టరమ్మ ముందు అనండి."

పెళ్లయిన నెలకే ఇంత ధైర్యమా అని నాకే ముచ్చటేసింది.

అత్తయ్య చేతిలో కాయలు పక్కన పడేసింది. "ఆ మాట మా అత్తది. నా పెద్దాడికీ ఇట్టాగే మానిపించింది. పాలు ఇంకిపోయి వాడు గంజినీళ్లతో పెరిగాడు."

మిరప ఘాటు పోయేలా రెండుసార్లు చేతులు కడుక్కుని, పాపను అక్క ఒళ్లో పెట్టింది. లోపల మంచం మీదున్న తన అత్తకి, మా మామ్మగారికి, వినపడేలా అరిచింది.

"రేపు పొద్దున్నే ఆటో పిలిపించు. ముసలిదాన్నీ ఎక్కిస్తా. డాక్టరమ్మ చెప్పేదంతా చెవులారా వినాలి!"