ఉత్త నీళ్ళు

మా నార్వే సాల్మన్ చేపను కడిగిన నీటిచుక్కను రసాయనాల జాడ పట్టే వెండిరేణువుల పలక మీద వేసి లేజరు వెలుగు పెట్టగానే, చేపలకు బూజు పట్టకుండా దొంగచాటుగా వాడే, నిషేధించిన రంగుమందు గీత కంప్యూటర్ తెర మీద నిక్కింది.

"ఛీ, ఇది జనం తినే చేప!" అన్నాను.

"నిన్ను తినమన్నారా? నీళ్ళు కలుపు, గీత పోతుంది," అన్నాడు మా ల్యాబ్ పెద్ద ఐవిన్, కాఫీ చప్పరిస్తూ. ఆ చేపల కంపెనీ అతని బావమరిదిదే.

కుళాయి తిప్పి నీళ్ళు కలిపాను. గీత పోలేదు. మళ్ళీ కలిపాను. ఉంది.

"నీ పలకే మురికి, రాగ్నా! కొత్తదాని మీద ఉత్త కుళాయి నీళ్ళు వేసి చూడు."

వేశాను. అదే గీత.

"మన కుళాయికి నీళ్ళొచ్చే వాగు ఒడ్డునే కదా మీ బావమరిది చేపపిల్లల్ని పెంచేది?" అన్నాను.

ఐవిన్ నోట్లోని కాఫీని మింగలేక, ఉమ్మలేక అలాగే నిలబడిపోయాడు.