మెషీన్ అల్లిన బొమ్మ

మెట్ల మీది కెమెరా తను చూసిన బొమ్మల్లో సగమే పంపుతుంది. మిగతా సగాన్ని ముందూ వెనకా బొమ్మల్ని బట్టి పై గదిలోని మెషీన్ ఊహించుకుంటుంది. ఊహ తప్పితే, అడిగినప్పుడు కెమెరా దిద్దుబాటు పంపుతుంది. ఈ పద్ధతి కనిపెట్టింది ఆ మెషీన్ చూసుకునే ఇంజనీరు పక్క సీట్లో పనిచేసినవాడు. ఇంజనీరు అతన్ని తమ్ముడూ అని పిలిచేవాడు. కనిపెట్టిన పేరు మాత్రం ఇంజనీరే కొట్టేశాడు.

ఆ తమ్ముడు నిరుడు ఆ మెట్ల మీంచే పడి చచ్చిపోయాడు. పడేముందరి బొమ్మలో అతని వీపు మీద ఇంజనీరు చెయ్యి ఉంది. కానీ అది ఊహించిన బొమ్మ.

"కెమెరా చూసింది కాదండీ, మెషీన్ అల్లింది," అని విచారణలో ఇంజనీరు తొణక్కుండా చెప్పాడు. దిద్దుబాటు అడగాలని ఎవరికీ తట్టలేదు.

ఈ రాత్రి ఇంజనీరు పై గదిలో తెర ముందు ఒంటరిగా ఉన్నాడు. కెమెరా పంపిన బొమ్మల్లో మెట్లు ఖాళీ. ఊహించిన బొమ్మల్లో మాత్రం తమ్ముడు ఎక్కివస్తున్నాడు, ఒక్కో బొమ్మకీ ఒక్కో మెట్టు. ఇంజనీరు వాచ్‌మన్‌కి ఫోన్ చేశాడు.

"నరమానవుడు లేడు సార్. మెట్ల కిందే ఉన్నా."

"అడుగుల చప్పుడు?"

వాచ్‌మన్ కాసేపు విన్నాడు. "అదైతే వినిపిస్తోంది సార్. మీరే నడుస్తున్నారనుకున్నా."

తర్వాతి ఊహలో పై మెట్టు అంచున ఇంజనీరే నిలబడి ఉన్నాడు. వెనక తమ్ముడు, అతని వీపు మీద చెయ్యి ఆనించి.

నిజానికి ఇంజనీరు కుర్చీలోంచి కదలనేలేదు. మొదటిసారి దిద్దుబాటు అడిగాడు.

కెమెరా జవాబిచ్చింది. దిద్దాల్సిన తప్పులు సున్నా.

వెనకనుంచి ఎవరో మెల్లగా అన్నారు, "పద అన్నా."