వజ్రబాహుడి రైడ్‌లో భద్రావతి మార్కులు

శంషాబాద్ దగ్గర సినిమా హీరో వజ్రబాహుడి పేరుమీద కట్టిన రోలర్ కోస్టర్ రైడ్ తెరిచిన రోజు, అతని అభిమాన సంఘం అధ్యక్షుడు ఫణీంద్ర, తన భార్య భద్రావతితో ముందు వరసలో కూర్చున్నాడు. ఎక్కకముందే "అదిరింది" అని అభిమానులు నెట్‌లో రాసేసే రోజులు పోయాయి. ఇప్పుడు చేతికి కట్టిన పట్టీయే గుండెను చదివి, ఎవరెంత ఆనందించారో ఊరంతటికీ చూపిస్తుంది.

బండి మేఘాల్లోంచి తలకిందులుగా దూకింది. "జై వజ్రబాహు!" అని ఫణీంద్ర గొంతు చించుకున్నాడు.

దిగేసరికి తెరమీద మార్కులు పడ్డాయి. నూటికి భద్రావతికి తొంభై ఎనిమిది, ఫణీంద్రకు పదకొండు.

"అన్నా, గిదేంది? పదకొండేనా?" అన్నారు సంఘం వాళ్లు. వెనకనుంచి ఎవరో "ద్రోహి!" అని అరిచారు.

"మిషన్ ఖరాబైంది," అన్నాడు ఫణీంద్ర. ఎత్తులంటే తనకు ప్రాణభయమని అతను ఎవరికీ చెప్పుకోలేదు.

సాయంత్రానికల్లా సంఘం అతన్ని దించేసి భద్రావతిని అధ్యక్షురాలిని చేసింది. దండ వేస్తూ ఒకతను, "వదినా, వజ్రబాహుడంటే గంత పిచ్చా నీకు?" అని అడిగాడు.

"వాడెవడో నాకేమెరుక?" అంది భద్రావతి సిగ్గుపడుతూ. "పెండ్లయి ఇరవై ఏండ్లయింది. ఇయ్యాలనే మీ అన్న నా చెయ్యి పట్టుకున్నడు. బండి ఆగేదాంక ఇడువలే."